ఏడో చిల్లు

మా నాయిన జడ్డిగం చెక్కేటోడు.
ఊర్లె ప్రతి గొర్రుకు నోరు ఆయన పెట్టిందే.
గింజ పడే లెక్క మాత్రం కట్టెల లేదు,
ఆడోళ్ల పిడికిట్ల ఉండేది.
ఉశేనమ్మ గుప్పిట వదిలితే
మూరకొక ఆముదపు గింజ, తప్పేది కాదు.

ఇప్పుడా గుప్పిట ముడుచుకోదు. వాతం.
"నా చేతికి బదులు ఏమన్న చెయ్యి కొడుకా" అన్నది
కల్వకుర్తి రోడ్డు మీద, నా షెడ్డు ముంగట
పంక్చరైన టైరు మీద కూసోని.

నాయినకు కండ్లు మసక. అయినా టేకుముక్క తెమ్మన్నడు.
నాలుగు రోజులు.
తాంబాళమంత చక్రం, అంచు పొంటి ఎనిమిది చిల్లులు.
ఒక్కో చిల్లుల గింజ ఏసి, జారిందా లేదా చెవితో ఇన్నడు.
"ఇది ఒక్కటే. ఇంకోటి నాతోని కాదు" అన్నడు.

అందుకే రబ్బరు.
బాలానగర్ల కొన్న డబ్బా, తెల్లగ, గడ్డపెరుగు లెక్క.

మొదటి అచ్చు గట్టిపడనే లేదు.
బిడ్డ బడికి కొన్న రంగుమట్టితోని చుట్టూ గోడ కట్టిన.
అండ్ల గంధకముంటదంట,
తగిలిన కాడల్లా రబ్బరు చీమిడి.

రెండోసారి
పై సగానికి కింది సగానికి నడుమ
వాజిలిన్ రాయ మరిచిన.
సొంత నెత్తురును గుర్తుపట్టినట్టు
రెండూ ఒకటైపోయినయి.
కత్తితోని కోసి చక్రాన్ని బయటికి తీసిన.
నాయిన ఏమనలే.
అంచుకు పడ్డ గాటును
బొటనవేలితోని రెండు సార్లు తడిమిండు.

మూడోసారి
కంసలి సోమయ్య కాటా మీద మందు తూచి,
గాలి చొరకుండ నిమ్మళంగ కలిపి,
మనిషెత్తు నుంచి తీగపాకం లెక్క
ఒకే మూలకు పోసిన.
తెల్లారి ఇప్పితే
టేకు చారలు, ఉలి ఆగిన జాగ, నా కత్తి గాటు,
అన్నీ ఉన్నయి, తిరగబడి.
ఏది పని, ఏది తప్పు
రబ్బరుకు తెల్వదు.

అంతల మిరుగం మోపైంది.
బజారు బజారంత మొగులు చూసి నవ్వుతుంటే
నేను రెజిన్ డబ్బా ముంగట తల పట్టుకున్న.
తేమ తగిలితే అది పొంగుతది.
పోసిన చక్రం జొన్నప్యాలాల ముద్దైంది.
వాన కోసం చేసే వస్తువు
వాననే ఓర్వదాయె.
కోడిపిల్లలకు పెట్టినట్టు
అట్టపెట్టెల బల్బు పెట్టి డబ్బాలు దాచి,
తెరిపిచ్చినప్పుడల్లా ఒకటి పోసిన.
పదకొండు.
పన్నెండోదానికి అచ్చు చిరిగింది, ఏడో చిల్లు కాడ.

అప్పుడు చూసిన.
ఆడ రబ్బరుల ఎప్పటిదో గాలిబుడగ.
అది ఖాళీగున్నంత మేర
ప్రతి చక్రంల ఆవగింజంత బుడిపె.
ఆకురాయి పట్టుకొని ఒక్కోటి రుద్దిన.
పదింటికి రుద్దిన.
పదకొండోది
పొద్దుగాలనే ఉశేనమ్మ తీస్కపోయింది.

ఇరవై దినాలకు కబురంపింది.
చెల్కల నిలబడితే
కండ్లకు కొట్టొచ్చినట్టు కనవడ్డది:
ఏడు మొక్కలు, ఒక సందు,
మళ్ల ఏడు మొక్కలు, ఒక సందు,
గెట్టు దాకా పండ్లూడిన నోరు లెక్క.
చెప్పుల కింద బురద జూసుకుంట
ఏం చెప్పాల్నో కూడబలుక్కుంటున్న.

ఆమె కొంగుముడి ఇప్పింది.
కట్టెపుల్లతోని సందుల పొడిచి,
ముడుచుకోని ఏళ్ల నడుమ నుంచి
రెండు బొబ్బర్లు జారవిడిచింది.
"మంచిగ జాగ ఇడిచినవ్ కొడుకా,
లెక్క మీ నాయినదేనా?"

అవునన్లే. కాదన్లే.

కొత్త అచ్చుకు రబ్బరు కలుపుకుంట
నాయిననడిగిన,
ఆ చిల్లు తెరవాల్నా, మూయాల్నా అని.
చెవి దగ్గర టేకు చక్రాన్ని తిప్పుకుంట
శానాసేపు ఏం మాట్లాడలే.
"కోతలు కానీ" అన్నడు,
"అప్పుడడుగు."